కాత్యాయని వాగు

"కొట్టేస్తే పోయేదానికి నాలుగు రోజుల నుంచీ ఈ గొడవేంటి?" అన్నాను, చీర కుచ్చిళ్ళలోంచి మూడో ముల్లు పీక్కుంటూ.

"కొట్టేస్తావమ్మా. రేపు నాకు ఒళ్ళు నీరు పడితే కషాయానికి ఎక్కడికి పోను?" అంది మా అత్తయ్య. వంటింటి గుమ్మంలో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"మీకు నీరు పట్టి పదకొండేళ్ళయింది అత్తయ్యా."

"అందుకే, మళ్ళీ పట్టే వేళయింది అంటన్నాను."

"దాని మానాన అది ఉంది," అన్నారు మావారు పేపరు దించకుండా. "నువ్వే కాస్త పక్కకి జరిగి నడవకూడదా కాత్యా?"

పక్కకి జరిగి నడవమన్న మనిషి, పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆ వైపు ఒక్కసారి కూడా నడవలేదు. అది మా పెరటి చప్టా. గిన్నెలు తోమే చోటు. అక్కడి నీళ్ళు గోడలోని కన్నంలోంచి బయటకి వెళ్ళి, సన్నటి కాలువగా పారి, వెనక ఉన్న పంటబోదెలో కలుస్తాయి. బోదెలో నీళ్ళు రావడం మానేసి చాలా కాలమైంది గనక, కలుస్తాయి అనడం కూడా గౌరవానికే. ఆ కన్నం దగ్గర మొలిచింది నీరుగొబ్బి. నడుమెత్తు పెరిగి, కణుపు కణుపుకీ ఊదారంగు పూలు పూసి, పూల చుట్టూ గుండుసూదుల్లాంటి ముళ్ళు పెట్టుకుని నిలబడింది. తడి ఉన్న చోటల్లా పెరిగే పిచ్చి మొక్క. గేదెలు కూడా వాసన చూసి వదిలేస్తాయి.

నాకు ఆ మొక్క మీద కోపం లేదు. ఆ నెలలో నాకున్న తొందరంతా వేరు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఒక కాగితం ఉంది. చింతలమెరకలోని బాలికల వసతిగృహంలో నన్ను మేట్రన్‌గా తీసుకున్నారు. డిసెంబరు పదిహేనో తేదీ సాయంత్రం అయిదులోగా చేరాలి, చేరకపోతే ఉద్యోగం రద్దు. చింతలమెరక మాకు అరవై రెండు కిలోమీటర్లు, అక్కడే ఉండాలి. నలభై మూడేళ్ళకి మొదటి ఉద్యోగం. వయసు మీరిపోయే ఏడాది రాసిన పరీక్ష, కాబట్టి రెండోది ఉండదు.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. మావారు "చూద్దాంలే" అన్నారు. అత్తయ్య "అప్పటికి కదా" అంది. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి హారిక "సూపరమ్మా" అని కౌగలించుకుని, "మరి నా బాక్సు ఎవరు కడతారు?" అని అడిగింది. కాగితం మీద మాత్రం రోజూ ఎవరో ఒకరు కరెంటు బిల్లు తగిలిస్తున్నారు. నేను తీసి పక్కన పెడుతున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తూముపేట మునిసిపాలిటీకి నీరుగొబ్బి మీద ప్రేమ పుట్టింది.

ప్రతి ఊరూ తన తడినేలల్లో పెరిగే ఒక అడవి పువ్వును ఎంచుకుని కాపాడుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. బాగా కాపాడిన ఊరికి 'తడినేల పట్టణం' అనే బిరుదు. మా కౌన్సిలు నీరుగొబ్బిని ఎంచుకుంది, ఊరి నిండా అదే ఉంది గనక. ఎంచుకున్న ఆనందంలో మూడు రోడ్ల కూడలిలో పన్నెండడుగుల ఫైబరు నీరుగొబ్బిని నిలబెట్టారు. దానికి చోటు చాలక పక్కనున్న మడుగును పూడ్చారు. తర్వాత వాగు గట్టు మీద 'నీరుగొబ్బి ఉద్యానవనం' కట్టడానికి గట్టంతా యంత్రంతో గీకించి, సిమెంటు బిళ్ళలు పరిచి, బిళ్ళల మీద నీరుగొబ్బి బొమ్మలు వేయించారు. అంతా పూర్తయ్యాక, బతికున్న మొక్క ఫోటో ఒకటి పంపమని పైనుంచి ఉత్తరం వచ్చింది. వెతికితే ఊళ్ళో ఒక్కటీ లేదు.

కాలేజీ పిల్లలకి పోటీ పెట్టారు. మొక్కను చూపినవాళ్ళకి ప్రశంసాపత్రం. హారిక ఫోటో తీసి పంపింది, చప్టా మీద బోర్లించిన పప్పుగిన్నెతో సహా.

మర్నాడు పొద్దున్న ఏడింటికి జీపు వచ్చింది. దిగినాయన పేరు చిదంబరరావు, మునిసిపాలిటీలో జీవవైవిధ్య అధికారి. అంతకు ముందు జనన మరణాల విభాగంలో ఉండేవారట. మొక్కను చూడగానే చెప్పులు విప్పారు. కాసేపు అలా నిలబడి, ఫారం తీశారు.

"అమ్మా, ఇది ఏ జలవనరు ఒడ్డున ఉందని రాయమంటారు?"

"చప్టా ఒడ్డునండి."

"ఫారంలో చప్టా లేదమ్మా. నది, ఏరు, వాగు, చెరువు, కోనేరు. వీటిలో ఒకటి చెప్పాలి."

"ఇది గిన్నెలు తోమిన నీళ్ళు పోయే కాలువండి. మురుగు."

ఆయన కలం దించారు. "ఆ మాట నేను వినలేదు. పట్టణ పుష్పము మురుగునందు వర్ధిల్లుచున్నదని రాస్తే కమిషనరు గారు సంతకం ఎలా పెడతారు? వాగు అని రాస్తున్నాను. వాగు పేరు?"

"పేరేముంటుందండి?"

"గిన్నెలు ఎవరు తోముతారు?"

"నేను. కాత్యాయని."

రాసుకున్నారు. జన్మస్థానం అనే గడిలో 'గృహమునకు వాయవ్య దిశనున్న వంటగది' అని నింపారు. టేపు తెచ్చి పొడవు కొలిచారు, పదకొండు మీటర్లు. అత్తయ్య దగ్గర ఒక చిక్కుడు ఈనె తీసుకుని నీళ్ళలో వేసి, చేతి గడియారం చూసుకుంటూ దాని వెంట నడిచి, వేగం రాసుకున్నారు.

"ఏడాది పొడవునా పారుతుందామ్మా, వానాకాలంలోనేనా?"

"రోజూ మూడుసార్లండి. పండగలకి అయిదు."

"మధ్యలో ఎండిన సందర్భాలు?"

ఆలోచించాను. "మా అమ్మాయి పుట్టినప్పుడు పురిటికని మూడు నెలలు పుట్టింటికి వెళ్ళాను."

"ఆ మూడు నెలలూ మా పెద్దమ్మాయి వచ్చి చేసిందిలెండి," అంది అత్తయ్య.

"ఉపనది," అని రాసుకున్నారు చిదంబరరావు గారు. "ఆ తర్వాత?"

"తర్వాత లేదండి. మొన్న టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా కూచుని తోమాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "జీవనది," అని రాసి దాని కింద రెండు గీతలు గీశారు. "వాగుల్లో జీవనది దొరకడం చాలా అరుదమ్మా. మునిసిపాలిటీ తరఫున అభినందనలు."

పంతొమ్మిదేళ్ళలో ఆ పని మీద నన్ను ఎవరైనా అభినందించడం అదే మొదలు. మొహమాటానికి కాఫీ ఇచ్చాను. గ్లాసు కడిగిన నీళ్ళు కాలువలో ఎంత దూరం పోయాయో ఆయన అది కూడా చూసి వెళ్ళారు.

వారం తిరక్కుండా ఇంటి గేటుకి బోర్డు వచ్చింది. 'కాత్యాయని వాగు. పరీవాహక ప్రాంతము. చేపలు పట్టరాదు. ఇసుక తీయరాదు.' కింద చిన్న అక్షరాల్లో 'వాగును పలకరించి ఇబ్బంది పెట్టరాదు' అని ఉంది. పాలు పోసే ఆవిడ ఆ రోజు నుంచీ గేటు దగ్గర క్యాను పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోసాగింది.

బోర్డుతో పాటు నలభై పేజీల రక్షణ నియమావళి ఇచ్చారు. రోజుకి నూట నలభై లీటర్లకి ప్రవాహం తగ్గరాదు. సబ్బుపొడి నిషిద్ధం, కుంకుడుకాయ పులుసు గానీ బూడిద గానీ వాడాలి. నీళ్ళ నమూనా తీసుకెళ్ళి పరీక్ష చేయించారు. మొక్క బియ్యం కడుగుకీ పప్పుచారుకీ అలవాటు పడిందనీ, ఆహారం మారితే మొగ్గలు రాలే ప్రమాదం ఉందనీ తేలింది. అందువల్ల మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు పప్పుచారు చట్టప్రకారం అయింది. పుట్టినరోజుకి బిర్యానీ చేయమని హారిక అడిగితే, ముందుగా పదిహేను రోజుల నోటీసు ఇచ్చి అనుమతి తీసుకోవాలన్నారు.

అత్తయ్య ఒక పూట అలవాటుగా మూడు ఆకులు తుంచింది. సాయంత్రానికి సంజాయిషీ నోటీసు వచ్చింది. 'డెబ్బది రెండు సంవత్సరముల వయస్సు గల మీరు పట్టణ పుష్పమును ఏల గాయపరచితిరి?' ఆవిడ చదివించుకుని విని, "దీన్ని పదకొండేళ్ళుగా కాపాడింది నేను. నాకే నోటీసా?" అని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నీటిమట్టం చూడడానికి ఒక మనిషిని వేశారు. ఏసుబాబు, యాభై దాటినవాడు, పాత లాకుల దగ్గర గేజీ చదివిన అనుభవం ఉందట. చప్టా చివర ఎర్ర గీతలున్న స్కేలు పాతి, పక్కనే కుర్చీ వేసుకుని కూచునేవాడు.

"అమ్మగారండీ," అనేవాడు పొద్దున్నే, "ఇయ్యాల మట్టం అరంగుళం తక్కువుందండి. టిపిను సెయ్యలేదేటండి?"

"ఉప్మా చేశాను ఏసుబాబూ. బాణలి, నాలుగు ప్లేట్లు, అంతే."

"అదేనండి. ఇడ్లీ అయితే బాగుంటాదండి. రేకులు కడిగితే మట్టం నిలబడతాదండి. రేపు కూసింత ఇడ్లీ ఆలోసించండి ఆయ్."

ఆదివారం మా ఆడపడుచు కుటుంబం ఎనిమిది మంది భోజనానికి వచ్చారు. రెండో పంక్తి కంచాలు చప్టా మీదికి చేరేసరికి ఏసుబాబు లేచి నిలబడి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. పావుగంటలో మునిసిపాలిటీ మైకు వీధిలోకి వచ్చింది. కాత్యాయని వాగు పొంగుచున్నది, ఒకటవ ప్రమాద హెచ్చరిక జారీ అయినది, లోతట్టు ప్రాంతముల వారు అప్రమత్తముగా ఉండవలెను అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. లోతట్టున ఉన్నది మా పక్కింటివాళ్ళ కోళ్ళగూడు. దాన్ని నలుగురు మనుషులు మోసుకెళ్ళి ప్రాథమిక పాఠశాలలో పెట్టారు. కోళ్ళకి పులిహోర పొట్లాలు పంచారు. మా ఆడపడుచు చెయ్యి కడుక్కోకుండానే ఆటో ఎక్కింది.

నేను తేదీలు చూసుకుంటున్నాను. డిసెంబరు అయిదు. ఇంక పదే రోజులు. ఆఫీసుకి వెళ్ళాను.

కమిషనరు గారు చిన్న వయసాయన, చాలా మర్యాదస్తుడు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. వాగు స్వయంగా ఆఫీసుకి రావడం ఆ మునిసిపాలిటీ చరిత్రలో మొదటిసారి అని గుమాస్తాలకి చెప్పి, నా కుర్చీ కింద తువ్వాలు పరిపించారు.

"సార్, నాకు ఉద్యోగం వచ్చింది. పదిహేనో తేదీన చేరాలి. నేను వెళ్ళడానికి అనుమతి కావాలి."

ఆయన నొచ్చుకున్నట్టుగా చూశారు. "మేడం, వ్యక్తిగతంగా మీరంటే నాకు ఎనలేని గౌరవం. మీరు వ్యక్తి అయితే ఇప్పుడే సెలవు మంజూరు చేద్దును. కానీ రికార్డు ప్రకారం మీరు జలవనరు. జలవనరులకు సెలవు అనే పద్దు సర్వీసు నిబంధనల్లో లేదు. ఆర్జిత సెలవు లేదు, ఆకస్మిక సెలవు లేదు. ఎండిపోవడం ఒకటే ఉంది. ఎండిపోతే మన ఊరికి బిరుదు రాదు. జనవరిలో పరిశీలన బృందం వస్తోంది."

"జనవరి తర్వాత?"

"బిరుదు వస్తే ఏటా పరిశీలన ఉంటుంది మేడం."

"నా బదులు మా ఇంట్లో వాళ్ళు తోమితే?"

ఆయన చిదంబరరావు గారి వైపు చూశారు. చిదంబరరావు గారు నియమావళి తిరగేశారు. "ప్రత్యామ్నాయ వనరుకు యోగ్యతా పరీక్ష జరపవచ్చును సార్."

ఆ పరీక్ష మర్నాడు పదింటికి జరిగింది. మావారు లుంగీ ఎగ్గట్టుకుని, పీట మీద కూచున్నారు. ఆయన ఆ చప్టా మీద కాలు పెట్టడం నేను అప్పుడే చూశాను.

"కాత్యా, పీచు ఏ చేత్తో పట్టుకోవాలి?"

"ఏ చేత్తో అయినా పరవాలేదండి."

కుళాయి మొత్తం తిప్పేశారు. నీళ్ళు ఒక్కసారిగా పొంగి స్కేలు మునిగింది. ఏసుబాబు ప్యాంటు తడిసింది. తర్వాత కుళాయి కట్టేసి, ఒకే గరిటెను చాలాసేపు తోమారు. కాలువ ఎండింది. తర్వాత మళ్ళీ వరద. చిదంబరరావు గారు బాణలి తీసి వెలుగులో పెట్టి చూశారు, వేలితో రుద్దారు, వేలు వాసన చూశారు.

"నమోదైన వాగు ప్రవాహం నిదానంగా, ఒకే తీరుగా ఉంటుంది. ఇక్కడ వరదలు, కరువులు తప్ప ప్రవాహమే లేదు. పైగా జిడ్డంతా బాణలికే ఉండిపోయింది. అంటే పోషకాలు మొక్కకు చేరడం లేదు." రాసుకుంటూ చదివారు. "ప్రత్యామ్నాయ వనరు అనర్హము."

మావారు పీట మీంచి లేచారు. పదేళ్ళ కిందట ఆయనకి గుండె పరీక్షలో ఏమీ లేదని చెప్పినప్పుడు కూడా మొహం అంత తేట పడి ఉండదు. "చూశావుగా కాత్యా, నా ప్రయత్నం నేను చేశాను," అన్నారు.

హారికని పరీక్షించారు. అది ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో తోమింది. 'పాక్షిక ప్రవాహము, శ్రద్ధాలోపము' అని రాశారు. చివరికి అత్తయ్య వైపు తిరిగారు.

"మీరమ్మా?"

"నాకు మోకాళ్ళు నాయనా. మా రోజుల్లో ముప్ఫై మంది కంచాలు ఒక్కదాన్నే తోమేదాన్ని."

"ఇంకిపోయిన పాయ," అని రాసుకున్నారు.

"ఇంకిపోవడమేంటి? నేను ఇక్కడ మనిషిని కనపడటం లేదూ?"

"రికార్డు పరంగా అమ్మా. నేలలోపల తడి ఉండే ఉంటుంది."

ఆ సాయంత్రం మావారు వీధి అరుగు మీద కూచుని, తనని ప్రభుత్వం ఎలా తిరస్కరించిందో దారిన పోయే వాళ్ళందరికీ చెప్పారు. లోపలికి వచ్చి నాతో మెల్లగా అన్నారు, "నేను వద్దనడం లేదు కాత్యా. నువ్వు వెళ్తే నాకు సంతోషమే. కానీ గవర్నమెంటే ఒప్పుకోకపోతే మనమేం చేస్తాం?"

"పోనీలే, మన రాత అలా ఉంది," అంది అత్తయ్య. ఆవిడ గొంతులో కూడా ఏదో తేలిక పడినట్టు వినిపించింది.

"నీ పేరుతో వాగు ఉండటం గ్రేట్ కదమ్మా," అంది హారిక. "నా ఫ్రెండ్సందరికీ చెప్పాను."

ఆ ముగ్గురూ మంచివాళ్ళే. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళు మనసులో అనుకుంటూ వచ్చింది ఇప్పుడు సీలు వేసిన కాగితం మీద వచ్చింది, అంతే. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి చూశాను. నా ఉద్యోగం కాగితం మీద ఈసారి బోర్డు ముందు నిలబడి మేం నలుగురం దిగిన ఫోటో ఉంది. తీసి పక్కన పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలయ్యాక, చేతులు తుడుచుకుని, అదే పీట మీద కూచుని నలభై పేజీల నియమావళి మొదటి నుంచీ చదివాను. మా ఇంట్లో ఇంకెవరూ చదివినట్టు లేదు. ఆఫీసులో కూడా ఎవరూ చదివినట్టు లేదు. ఎందుకంటే ముప్ఫై ఒకటో పేజీ దగ్గర రెండు కాగితాలు కత్తిరించకుండా అతుక్కునే ఉన్నాయి. వాటిని వంటింటి చాకుతో విడదీశాను.

లోపల ఉన్న రెండు నియమాలూ వేరే ఏదో పెద్ద నది కోసం రాసుకున్న వాటిలోంచి ఎత్తి ఇందులో కలిపినట్టున్నాయి. రెండుసార్లు చదివాను. మూడోసారి గట్టిగా చదివాను.

"ఏటండమ్మగారూ, ఏదైనా దండకమా?" అన్నాడు ఏసుబాబు కుర్చీలోంచి.

"అలాంటిదే," అన్నాను.

పన్నెండో తేదీ శుక్రవారం. పప్పుచారు గిన్నెలు తోమేసి ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి సెలవు అడగలేదు. తెల్లకాగితం మీద రాసిన అర్జీ కమిషనరు గారి బల్ల మీద పెట్టాను. 'కాత్యాయని వాగు అను నేను, నా సహజ ప్రవాహ మార్గమును తూముపేట నుండి చింతలమెరకకు మార్చుకొనుచున్నాను. ముప్పది ఒకటవ నియమము ప్రకారము తెలియజేయడమైనది.'

ఆయన చిదంబరరావు గారిని పిలిచారు. చిదంబరరావు గారు పట్టణ ప్రణాళికాధికారిని పిలిచారు. ఆయన న్యాయ సలహాదారుని పిలిచారు. నలుగురూ ముప్ఫై ఒకటో నియమం మీదికి వంగారు.

"వాగు అన్నాక దారి మార్చుకుంటుంది సార్," అన్నారు న్యాయ సలహాదారు. "అది దాని ప్రకృతి. ఆపడానికి మనకు అధికారం లేదు."

"కానీ దారి మారితే మన మొక్క?" అన్నారు కమిషనరు గారు.

"దానికి ముప్ఫై రెండో నియమం ఉంది సార్," అన్నాను నేను. చదివి వినిపించాను. అందరూ తలలూపారు.

"అక్కడ నీళ్ళకు లోటు ఉండదు కదా మేడం?" అని అడిగారు చిదంబరరావు గారు, గొంతులో నిజమైన దిగులుతో.

"మూడు వందల మంది పిల్లలండి. మూడు పూటలా తింటారు."

ఆయన కాగితం మీద ఏదో గుణించుకుని కళ్ళు మూసుకున్నారు. ఈలోగా పట్టణ ప్రణాళికాధికారి గోడకున్న మ్యాపు మీద దారం పెట్టి కొలుస్తున్నారు. "సార్, ఇప్పటిదాకా మన వాగు పొడవు పదకొండు మీటర్లు. దారి మారితే అరవై రెండు కిలోమీటర్లు అవుతుంది."



"పక్క ఊరి వాగు ఎంత?" అన్నారు కమిషనరు గారు నెమ్మదిగా.

"తొమ్మిది కిలోమీటర్లు సార్."

ఆయన లేచి వచ్చి నాకు రెండు చేతులూ జోడించారు. "మేడం, మీ వంటి వాగు ఏ పట్టణానికైనా గర్వకారణం. ధ్రువీకరణ పత్రం మీద నేనే స్వయంగా సంతకం చేస్తాను. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకి మార్పు అమల్లోకి వచ్చేట్టు రాయండి. ఆ వేళకి మ్యాపులో గీత మార్పించాలి."

శనివారం సాయంత్రం ఏసుబాబు ఆ పత్రం తెచ్చి ఇచ్చాడు. నన్నూ చప్టానీ మార్చి మార్చి చూశాడు. "ఆదోరం నుంచి ఇక్కడ గేజీ ఎవురి మీద సూడాలండి?" అన్నాడు.

"ఆదివారం భోజనాలప్పుడు తెలుస్తుంది. ఎవరితోనూ అనకు," అన్నాను.

ఆదివారం వంకాయకూర, పప్పుచారు, అప్పడాలు, పెరుగుపచ్చడి చేశాను. పన్నెండుంపావుకి నలుగురం కూచున్నాం. వడ్డించి నేను కూడా వాళ్ళతో పాటే కూచుని తిన్నాను. మామూలుగా అలా కూచోను గనక, అత్తయ్య ఒకసారి నా వైపు చూసింది. హారిక అప్పడం ఇంకోటి అడిగితే పళ్ళెం దాని ముందుకి జరిపాను. మజ్జిగన్నం దాకా వచ్చాక చెప్పాను.

"రేపు పొద్దున్న ఏడూ నలభై బస్సుకి చింతలమెరక వెళ్తున్నాను. మధ్యాహ్నానికి ఉద్యోగంలో చేరతాను."

మావారు ముద్ద కిందకి దించారు. "అదేంటి? గవర్నమెంటు..."

పత్రం ఆయన కంచం పక్కన పెట్టాను. ఎడమ చేత్తో పట్టుకుని పెదాలు కదుపుతూ చదివారు. కింద ఉన్న ముప్ఫై ఒకటో నియమం మాత్రం పైకి చదివారు. "దారి మార్చుకొనుచున్న వాగును ఏ వ్యక్తియు నిరోధించరాదు. అట్టి నిరోధము అడ్డుకట్టగా పరిగణింపబడి, ఆరు మాసముల కారాగార శిక్షకు..." ఆపి నా వైపు చూశారు. "అంటే నేను వద్దంటే?"

"మీరు వద్దనలేదు కదండీ. మొన్ననే చెప్పారు."

"అవును, వద్దనలేదు," అన్నారాయన, ఆ సంగతి తనకి కూడా ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

"మరి ఇక్కడ మొక్క ఎండిపోదూ?" అంది అత్తయ్య. "మళ్ళీ నాకు నోటీసిస్తారు."

"తర్వాతి నియమం కూడా చదవండి," అన్నాను.

ఆయన వేలు కిందకి జరిపారు. "పాత పాయయందు తడి ఆరకుండ చూచు బాధ్యత తీరవాసులదే. దీనికి యోగ్యతా పరీక్ష అవసరము లేదు."

"తీరవాసులంటే?" అంది హారిక.

మావారు కాగితం తిప్పి చూశారు. వెనక వైపు చిదంబరరావు గారి గుండ్రటి దస్తూరీతో ముగ్గురి పేర్లూ వరసగా రాసి ఉన్నాయి. పొద్దుటి పూట మావారిది, మధ్యాహ్నం హారికది, రాత్రి ఇద్దరిదీ. అత్తయ్య పేరు పక్కన 'పర్యవేక్షణ' అని ఉంది. ఆవిడ ఆ మాట రెండుసార్లు చదివించుకుని, నడుం నిటారుగా పెట్టుకుని కూచుంది.

"బియ్యం డబ్బా నిండా పోశాను. కుంకుడుకాయలు కొట్టి సీసాలో ఉంచాను," అన్నాను. "నెలకి రెండు శనివారాలు వస్తాను."

పెరట్లో ఏసుబాబు కుర్చీ కిర్రుమంది. హారిక తన కంచం వైపు, అత్తయ్య కంచం వైపు, బాణలి వైపు చూసింది.

"రేపటి నుంచే కదమ్మా ఇది?" అంది.

"కాదమ్మా," అన్నాను చెయ్యి కడుక్కుని వచ్చి. "ఇవాళ పన్నెండు నుంచి."